సంతానం ఆలస్యమైతే మొదటి పరీక్ష ఎవరికి?

జగిత్యాల జిల్లా నుంచి ఒక సోదరి మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు. ఊరి పేరు కూడా నేనే వదిలివేస్తున్నాను. నికాహ్ జరిగి ఆరేళ్ళయింది. భర్త సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో వెల్డింగ్ పని చేస్తారు. ఈ ఆరేళ్ళలో అత్తగారు ఆమెను కరీంనగర్‌లో ఇద్దరు డాక్టర్ల వద్దకు, నిజామాబాద్‌లో ఒకరి వద్దకు, హైదరాబాద్‌లో మరొకరి వద్దకు తీసుకువెళ్ళారు. స్కానింగులు, రక్తపరీక్షలు, గర్భనాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, అన్నీ అయ్యాయి. ఏ నివేదికలోనూ లోపం కనిపించలేదు. ఆ తర్వాత తావీజులు, ఒక నాటువైద్యుని పసరు. ఇప్పుడు ఇంట్లో రెండో నికాహ్ మాట నడుస్తోంది. ఉత్తరం చివర ఆమె అడిగింది ఒకటే: "ఆయనకు ఇంతవరకూ ఒక్క పరీక్ష కూడా చేయించలేదు. చేయించుకోమని నేను అడిగితే తప్పా?"

తప్పు కాదు సోదరీ. మీరు అడగకుండానే, మీకు మొదటి స్కానింగ్ చేసిన నాడే జరగవలసిన పరీక్ష అది.

ముందుగా ఒక లెక్క చూద్దాం. ఈ లెక్క మీ ఒక్కరిది కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతాల్లో గల్ఫ్ వీసా మీద బతుకుతున్న వేలాది కుటుంబాలది. నికాహ్ అయిన నలభయ్యో రోజున భర్త విమానం ఎక్కారని రాశారు. ఆ తర్వాత రెండేళ్ళకొకసారి చొప్పున రెండుసార్లు, ప్రతిసారీ రెండు నెలల సెలవు మీద వచ్చారు. అంటే నలభై, అరవై, అరవై; మొత్తం 160 రోజులు. ఆరేళ్ళ దాంపత్యంలో మీరు కలిసి ఉన్నది అయిదు నెలల పైచిలుకు మాత్రమే. దంపతులు పన్నెండు నెలల పాటు కలిసి కాపురం చేసినా గర్భం నిలవకపోతేనే వైద్యులు దాన్ని సంతానలేమిగా పరిగణిస్తారు. ఆ కొలబద్ద ప్రకారం మీ గడువు సగం కూడా పూర్తి కాలేదు. విడుదలైన అండం ఒక్క రోజుకు మించి నిలవదు. స్త్రీ దేహంలో వీర్యకణం గరిష్ఠంగా అయిదు రోజులు జీవిస్తుంది. నెలలో గర్భధారణకు అవకాశమున్న రోజులు ఆరుకు మించవు. ఏ లోపమూ లేని దంపతులకు సైతం ఒక్కో నెలలో గర్భం నిలిచే అవకాశం సుమారు నాలుగింట ఒక వంతు. మీకు దక్కిన అవకాశాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని. ఇంటి పెద్దలు మాత్రం ఆరు సంవత్సరాలు లెక్కపెడుతున్నారు.

హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, భర్త యుద్ధానికి వెళ్ళి ఒంటరిగా మిగిలిన ఒక స్త్రీ ఆవేదనను ఆలకించారనీ, భర్త ఎడబాటును స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదో తన కుమార్తె హజ్రత్ హఫ్సా (ర)ను అడిగి తెలుసుకున్నారనీ, నాలుగు నెలలు మించి (కొన్ని ఉల్లేఖనాల్లో ఆరు నెలలు) సైనికులను ఇంటికి దూరంగా ఉంచరాదని ఆదేశించారనీ మనం చదువుకున్నాం. జీవనోపాధి కోసం వెళ్ళే వారికి ఆ గడువు పాటించే వెసులుబాటు ఉండదు, నిజమే. అయితే ఎడబాటు ఫలితాన్ని ఆలి నెత్తిన మోపే హక్కు ఎవరికి దక్కింది?

మన తెలుగులో 'గొడ్రాలు' అన్న మాట ఉంది. ఉర్దూలో 'బాంజ్' ఉంది. పెళ్ళి పందిట్లో, పురిటింట్లో ఆ మాట విని తల దించుకున్న స్త్రీలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పురుషుణ్ణి అలా పిలిచేందుకు నలుగురి నోళ్ళలో నలిగే మాట ఒక్కటైనా ఉందా? అరబ్బీలో సంతానం లేని స్త్రీనీ పురుషుణ్ణీ ఇద్దరినీ 'అఖీమ్' అనే అంటారు. దివ్యఖుర్ఆన్ 42వ సూరా 'అష్షూరా' 49, 50 ఆయతుల్లో, ఆడపిల్లలను ప్రసాదించినా, మగపిల్లలను ప్రసాదించినా, ఇద్దరినీ కలిపి ఇచ్చినా, అసలే ఇవ్వకున్నా అది అల్లాహ్ అభీష్టమేనని తెలిపిన చోట ఉన్నది ఈ మాటే. అక్కడ ఆయన నిర్ణయానికి లోబడినది ఆడదా మగవాడా అన్న విభజన లేదు.

హజ్రత్ జకరియ్యా (అ) ప్రార్థనను 'మర్యమ్' సూరా ఆరంభంలో మరోసారి నిదానంగా చదవండి. సంతానం కోసం ప్రభువును వేడుకుంటూ ఆయన మొట్టమొదట విన్నవించుకున్నది తన ఎముకల బలహీనతను, నెరిసిన తన తలను. భార్య గొడ్రాలన్న సంగతి ఆ తర్వాతనే వచ్చింది. ఒక ప్రవక్త తన దేహ స్థితిని ముందు చెప్పుకున్నారు. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులైంది.

ఇక వైద్య విషయానికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురు వయోజనుల్లో సుమారు ఒకరు జీవితంలో ఏదో ఒక దశలో సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. అలాంటి జంటల్లో దాదాపు సగం చోట్ల పురుషునిలోనూ కారణం ఉంటుంది. ఒక్కోసారి అతనిలో మాత్రమే ఉంటుంది. స్త్రీకి చేసే పరీక్షల్లో కొన్ని నొప్పితో కూడినవి, మరికొన్ని ఖరీదైనవి. పురుషునికి చేసే మొదటి పరీక్ష ఒక్క ఉదయంతో ముగుస్తుంది, కోత లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజుల ఎడం పాటించి నమూనా ఇవ్వాలి. ప్రయోగశాలలో చూసేది ప్రధానంగా కణాల సంఖ్య, కదలిక, ఆకృతి. 2021లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక మిల్లీలీటరులో కోటి అరవై లక్షల కణాలు, వాటిలో 42 శాతానికి కదలిక, 4 శాతానికి సరైన ఆకృతి ఉండటం కనీస హద్దు. నాలుగు శాతమేనా అని కంగారు పడనక్కరలేదు. ఆరోగ్యవంతులైన తండ్రులలో సైతం అధిక భాగం కణాలు ఆకృతిలో వంకరగానే ఉంటాయి. సంఖ్యలు ఈ హద్దుకు దిగువన ఉన్నంత మాత్రాన తండ్రి కాలేరనీ కాదు. ఒక పరీక్ష తక్కువ చూపితే కొన్ని వారాల తర్వాత రెండోసారి చేయించాలి.

నమూనా ఇచ్చే విధానం గురించి మగవారు బయటికి చెప్పుకోలేని సంకోచం ఒకటి ఉంది. చికిత్స నిమిత్తం దీనికి ఉలమా అనుమతి ఉంది. వీలైతే భార్య సహాయంతో ఇంటి వద్దనే, ఆసుపత్రి వారు ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో సేకరించి, దేహపు వెచ్చదనం చల్లారకుండా చూస్తూ గంటలోపు ప్రయోగశాలకు చేర్చవచ్చు. సిగ్గు ఈమాన్‌లో ఒక భాగమే. కానీ ఆ సిగ్గు భార్యను నాలుగు ఆసుపత్రుల బల్లలమీద పడుకోబెట్టినప్పుడు ఎటు పోయిందో మగవారు ఆలోచించాలి.

గల్ఫ్ కుటుంబాలకు ముఖ్యంగా చెప్పవలసిన విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. స్త్రీ తనలోని అండాలన్నింటితోనే పుడుతుంది. పురుషునిలో వీర్యకణాలు యుక్తవయసు నుంచి ప్రతి రోజూ కొత్తగా తయారవుతూనే ఉంటాయి. ఒక కణం రూపుదిద్దుకోవడానికి సుమారు 74 రోజులు, ఆ తర్వాత పక్కనే ఉన్న సన్నని నాళంలో పరిపక్వం చెందడానికి మరో రెండు వారాలు పడుతుంది. వెరసి మూడు నెలలు. శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన భర్త మోసుకొచ్చే వీర్యకణాలు దమ్మామ్‌లో తయారైనవి! అక్కడి వెల్డింగ్ సెగ, రాత్రి షిఫ్టులు, వరుసగా కాల్చిన సిగరెట్లు, లేబర్ క్యాంపులో తిన్న తిండి, నెల క్రితం వచ్చిన జ్వరం, వీటన్నిటి నడుమ అవి పెరిగాయి. రెండు నెలల సెలవు ముగిసి ఆయన తిరిగి విమానం ఎక్కే నాటికి కూడా, ఇంటి గాలిలో మొదలైన కణాలు ఇంకా పూర్తిగా సిద్ధమై ఉండవు.

వృషణాలను దేహం వెలుపల అమర్చడంలో సృష్టికర్త వివేచన ఉంది. అవి దేహ ఉష్ణోగ్రత కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి. వెల్డర్లు, పొయ్యిల ముందు గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలో వీర్యకణాల నాణ్యత తగ్గుతోందని వివిధ దేశాల పరిశోధనలు చూపాయి. గోదావరిఖనిలో భూగర్భంలోకి దిగేవారు, రామగుండంలో బాయిలర్ల వద్ద పనిచేసేవారు, తందూరు ముందు నిలబడే వంటవారు, మే నెలలో రోజంతా ఇంజను మీద కూర్చునే లారీ డ్రైవర్లు, వీరందరూ ఈ సంగతి తెలుసుకోదగినవారే.

ఇంతవరకు సంఖ్య, కదలికల మాట. సూక్ష్మదర్శినిలో కనిపించనిది మరొకటి ఉంది. గత ఇరవై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు దాని మీద దృష్టి పెట్టారు. దాన్ని ఎపిజెనెటిక్ మార్పు అంటారు.

ఉపమానం కోసం మన ముస్హఫ్‌నే తీసుకుందాం. అక్షరాలు ఒక ఎత్తు. వాటి మీదా కిందా ఉండే జబర్, జేర్, పేష్‌లు, మద్ద్ గుర్తు, ఆగవలసిన చోట వక్ఫ్ చిహ్నం మరొక ఎత్తు. చిహ్నాలు అక్షరాన్ని మార్చవు. ఆ అక్షరాన్ని ఎలా పలకాలో, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆగాలో చెబుతాయి. మన కణాల్లోని డీఎన్ఏ సుమారు మూడు వందల కోట్ల అక్షరాల రాత. దాని మీద మిథైల్ అనే అతి చిన్న రసాయన గుర్తులు అక్కడక్కడా అతుక్కుని ఉంటాయి. గుర్తు పడిన చోట ఆ జన్యువు సాధారణంగా మౌనంగా ఉంటుంది. గుర్తు లేని చోట పలుకుతుంది. వీర్యకణం తయారయ్యేటప్పుడు ఈ గుర్తులు కొత్తగా అమరుతాయి. అంతేకాదు, అంత పొడవైన డీఎన్ఏను ఆ ఇసుమంత తలలో పట్టించడానికి, మామూలు కణాల్లో దాన్ని చుట్టి ఉంచే హిస్టోన్ ప్రొటీన్లను చాలామటుకు తీసివేసి ప్రోటమిన్ అనే చిన్న ప్రొటీన్లతో బిగించి కడుతుంది దేహం. ఈ మూటకట్టుడు వదులైతే డీఎన్ఏ పోగులు తెగుతాయి. గుర్తులు తప్పుగా పడితే రాత సరిగానే ఉన్నా చదువు తప్పుతుంది.

2004లో పోర్చుగల్ పరిశోధకులు వీర్యకణాల సంఖ్య బాగా తక్కువగా ఉన్న పురుషులను పరిశీలించినప్పుడు, తండ్రి ముద్ర తప్పనిసరిగా ఉండవలసిన హెచ్19 అనే జన్యుభాగం వద్ద కొందరిలో ఆ గుర్తు లోపించి ఉండటం గమనించారు. ఆ తర్వాత అనేక దేశాల్లో ఇలాంటి ఫలితాలే వచ్చాయి. 2016లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. స్థూలకాయుల వీర్యకణాల్లోని గుర్తులు సన్నని వారివాటికి భిన్నంగా ఉన్నాయని వారు కనుగొన్నారు. బరువు తగ్గేందుకు శస్త్రచికిత్స చేయించుకున్న ఆరుగురిని పరీక్షిస్తే, వారం రోజులకే కొన్ని గుర్తులు మారాయి, ఏడాదికి మరెన్నో మారాయి. ఆరుగురు చాలా చిన్న సంఖ్యే. అయినా గుర్తులు శాశ్వతం కావని, జీవన విధానంతో పాటు అవీ కదులుతాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. పొగాకు విషయంలోనూ ఇదే కనిపించింది. పొగతాగేవారి వీర్యకణాల్లో ఈ గుర్తులు తేడాగా ఉంటాయి.

అక్షరాలే తప్పిన సందర్భాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు డాక్టర్ కె. తంగరాజ్ నాయకత్వంలో ఏళ్ళ తరబడి పురుషుల సంతానలేమి మీద పనిచేశారు. 2022లో వారు ప్రచురించిన పరిశోధనలో మొదట 47 మంది పురుషుల జన్యువులను చదివి, కనిపించిన మార్పులను దేశంలోని వివిధ ప్రాంతాలకు చెందిన సుమారు 1500 మంది సంతానం లేని పురుషుల్లో సరిచూశారు. లోపం తలెత్తితే వీర్యకణాల తయారీ దెబ్బతినే ఎనిమిది జన్యువులు తేలాయి. మన హబ్సిగూడ దాటగానే కనిపించే ఆ ప్రాంగణంలో ఇంత పని జరిగింది పురుషుని దేహం మీద. మన ఇళ్ళలో మాత్రం సమస్య ఇంకా కోడలి కడుపులోనే ఉంది.

అక్షరదోషం పుట్టుకతో వచ్చేది; దానికి ఎవరూ బాధ్యులు కారు. గుర్తుల్లో కొంత భాగం మన అలవాట్ల చేతిలో ఉంది. అందుకే ఈ శాస్త్రం నిందకు బదులు ఒక వెసులుబాటును చేతికిస్తోందని నాకనిపిస్తుంది: మూడు నెలలకొకసారి కొత్త ప్రతి తయారవుతోంది, దిద్దుకునే వీలుంది.

అయితే దీన్ని అతిగా సాగదీయరాదు. గర్భధారణ జరిగిన వెంటనే తండ్రి వైపు గుర్తుల్లో అధిక భాగం చెరిగిపోతుంది. కొన్ని ప్రత్యేక స్థానాల్లోవి మాత్రమే నిలుస్తాయి. తాత తిన్న తిండి మనవడి దేహంలో కనిపిస్తుందన్న వాదం ఎలుకల్లో కొంత రుజువైంది, మనుషుల్లో ఇంకా చర్చలోనే ఉంది. ఈ గుర్తులను చూసే పరీక్ష సాధారణ చికిత్సలో భాగం కాలేదు. ఎవరైనా 'ఎపిజెనెటిక్ ప్యాకేజీ' అంటూ వేలకు వేలు అడిగితే లేచి వచ్చేయండి. వీర్యవృద్ధి చూర్ణాల సంగతి సరేసరి.

జిమ్‌కు వెళ్ళే కుర్రవాళ్ళ తల్లిదండ్రులకు ఒక మాట. కండల కోసం కొందరు వేయించుకుంటున్న టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీని దాదాపు ఆపివేస్తాయి. మానేసిన తర్వాత కోలుకోవడానికి నెలలు, కొందరికి సంవత్సరాలు పట్టవచ్చు. నికాహ్ కుదిరిన అబ్బాయి కండలు చూసి మురిసిపోయే అత్తమామలకు ఈ సంగతి తెలియదు.

ఆదిలాబాద్ పత్తి చేలల్లో చేతికి తొడుగు లేకుండా, ముక్కుకు గుడ్డ లేకుండా మందు కొట్టే సోదరులు కాలిఫోర్నియాలోని లాత్రోప్ అనే ఊరి సంగతి వినాలి. 1977లో అక్కడి పురుగుమందుల కర్మాగారంలో ఒకే విభాగంలో పనిచేసే వారు తమలో ఎవరికీ కొంతకాలంగా పిల్లలు పుట్టడం లేదని మాటల్లో గమనించి, పరీక్ష కోసం పట్టుబట్టారు. డీబీసీపీ అనే మందు వారిలో చాలామంది వీర్యకణాలను హరించినట్టు తేలింది. మన చేలల్లో కొట్టే మందులు వేరు. కానీ ఆ కార్మికులు చేసిన పని చూడండి: మగవాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు, తమ నమూనాలు తామే ఇచ్చారు. భార్యలను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతూ కూర్చుంటే ఆ రహస్యం ఎప్పటికీ బయటపడేది కాదు.

బుఖారీ గ్రంథంలో ఒక హదీసు ఉంది. ఎడారి అరబ్బు ఒకడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భార్య నల్లని బిడ్డను కన్నదని అనుమానంతో చెప్పాడు. నీకు ఒంటెలున్నాయా, వాటి రంగేమిటి అని ప్రవక్త (స) అడిగారు. ఎర్రవని అతను చెప్పాడు. వాటిలో బూడిద రంగువి ఉన్నాయా అంటే ఉన్నాయన్నాడు. అవి ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఏదో పాత వేరు లాగి ఉంటుందని బదులిచ్చాడు. నీ బిడ్డను కూడా అలాంటి వేరే లాగి ఉండవచ్చునన్నది ప్రవక్త (స) ఇచ్చిన సమాధానం. ఈ హదీసులో నేటి జన్యుశాస్త్రాన్ని వెతకడం నా ఉద్దేశం కాదు. అలా వెతికే ధోరణి నాకు నచ్చదు కూడా. నేను గమనించేది ఆయన చేసిన పని. భార్య వైపు చూపిన వేలును నెమ్మదిగా ఆ మనిషి వంశం వైపు, అతని మంద వైపు తిప్పారు. ప్రశ్నలన్నీ మగవాడికే వేశారు.

వైద్యం చేయించుకోమన్నది కూడా ఆయన (స) ఆదేశమే. వీర్య పరీక్షలో లోపం కనిపిస్తే మార్గాలున్నాయి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వారికోసిల్ అయితే చిన్న శస్త్రచికిత్స సరిపోవచ్చు; సంతానం లేని పురుషుల్లో మూడో వంతు మందికి పైగా ఇది కనిపిస్తుంది. హార్మోన్ లోపానికి, ఇన్‌ఫెక్షన్‌కు మందులున్నాయి. అవేవీ ఫలించకపోతే ఐవీఎఫ్ వంటి పద్ధతులున్నాయి. నికాహ్ బంధంలో ఉన్న భార్యాభర్తల అండం, వీర్యకణం మాత్రమే వాడాలని, మూడో వ్యక్తికి తావు లేదని 1980లో ఈజిప్టు ముఫ్తీ షేఖ్ జాదుల్ హఖ్ ఇచ్చిన ఫత్వా మొదలు సున్నీ పండితులు అత్యధికులు స్పష్టం చేశారు. మన దేశంలో 2021 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలు రిజిస్టరు కావడం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగండి. సంతకం పెట్టే కాగితంలో దాత అన్న మాట ఎక్కడైనా ఉందేమో చదివించుకోండి. తొందరలో ఏజెంట్ల మాట నమ్మి మోసపోయినప్పుడు పోయేది డబ్బొక్కటే కాదు, వంశశుద్ధి కూడా.

సోదరీ, మీ భర్త మరో నాలుగు నెలల్లో సెలవు మీద వస్తున్నారని రాశారు. సమయం చక్కగా సరిపోతుంది. ఈ పుటను ఫొటో తీసి వాట్సాప్‌లో ఆయనకు పంపండి. సిగరెట్ ఈ రోజే మానాలి. పొట్ట పెరిగి ఉంటే తిండి తగ్గించి నడవాలి. పనిలో సెగ తప్పకపోతే మధ్యమధ్య లేచి చల్లని చోటికి వెళ్ళాలి, రాత్రి వదులుగా ఉన్న దుస్తులు ధరించాలి. షుగర్ ఉందేమో చూపించుకోవాలి. దమ్మామ్‌లోనే ఏదైనా ఆసుపత్రిలో వీర్య పరీక్ష చేయించుకుంటే మరీ మంచిది. మార్పు అవసరమైతే అక్కడి నుంచే మొదలవుతుంది. అక్కడ వీలు కాకపోతే దిగిన మొదటి వారంలోనే, విందులూ చుట్టరికాలూ మొదలు కాకముందే కరీంనగర్‌లో చేయించండి. సెలవును మూడు నెలలకు పొడిగించుకోగలిగితే అడగమనండి.

అత్తగారికి కూడా ఒక మనవి. అమ్మా, మీ కోడలిని ఇన్ని చోట్లకు వెంటబెట్టుకుని తిరిగింది మీరే; మనవల మీద మీకున్న మమకారం తక్కువది కాదు. అదే చేత్తో కొడుకుకు ఫోన్ చేసి, "బేటా, పరీక్ష చేయించుకుని రా" అని ఒక్క మాట అనండి. కోడలి నోట వస్తే నిష్ఠూరంగా వినిపించే మాట తల్లి నోట వస్తే ఆరోగ్యం గురించిన శ్రద్ధ అవుతుంది. రెండో నికాహ్ ముచ్చట నివేదిక చేతికి వచ్చేదాకా పక్కన పెట్టండి. లోపం మీ అబ్బాయిలోనే ఉందనుకోండి, రెండో ఇంటి ఆడపిల్లకు కూడా ఇదే ఉత్తరం రాసే గతి పడుతుంది.

పరీక్ష అయిన తర్వాత మళ్ళీ రాయండి సోదరీ. ఈసారి ఉత్తరంతో పాటు నివేదికలు రెండూ జతచేయండి, ఆయనదీ మీదీ.